నేలను కొలిచి.. ఊరి కథ విన్న మెకంజీ

వరంగల్: ఓరుగల్లు కోట శిథిలాల నడుమ నేటికీ తలయెత్తి నిలిచిన తోరణాలు కాకతీయుల వైభవానికి రాతి సాక్ష్యాలు. ఆ రాజుల స్మృతి కోట గోడల మధ్యనే నిలిచిపోలేదు. ఓరుగల్లుకు ఎంతో దూరాన, కృష్ణానది ఆవలి పల్లెల్లో కరణాలు తరతరాలుగా దాచుకున్న తాటాకు కవిలెల్లోనూ గణపతిదేవుడి పేరు, ప్రతాపరుద్రుడి పేరు రెండు శతాబ్దాల కిందటి వరకు భద్రంగా ఉన్నాయి. ఆ కవిలెల సారాన్ని ఊరూరా రాయించి, కాలగర్భంలో కలిసిపోకుండా కాపాడిన వ్యక్తి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో భూములు కొలిచే ఉద్యోగి. స్కాట్లాండ్ దేశీయుడు. భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ కర్నల్ కాలిన్ మెకంజీ. ఆయన జీవితగాథలో తెలుగు పండితుల శ్రమ ఎంత ఉన్నదో, వారికి దక్కని గుర్తింపు కూడా అంతే ఉన్నది.

ద్వీపం నుంచి చెన్నపట్నానికి

మెకంజీ 1754లో స్కాట్లాండ్ వాయవ్యాన ఉన్న లూయీస్ ద్వీపంలోని స్టోర్నవే అనే రేవు పట్టణంలో జన్మించారు. యౌవనంలో అక్కడి సుంకాల శాఖలో ఉద్యోగం చేశారు. గణితమంటే ఆయనకు మక్కువ ఎక్కువ. సంవర్గమానాలను కనుగొన్న జాన్ నేపియర్ వంశీయుడైన నేపియర్ ప్రభువు తన పూర్వికుని జీవిత చరిత్ర రాయ సంకల్పించి, హిందువుల గణితశాస్త్ర పరిజ్ఞానాన్ని గురించిన సమాచార సేకరణలో మెకంజీ సహాయం పొందారు. భారతదేశంపై ఆయనకు ఆసక్తి కలగడానికి ఇదే మూలమైంది.

1783లో మెకంజీ కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా చెన్నపట్నంలో అడుగుపెట్టారు. నేపియర్ ప్రభువు కుమార్తె హెస్టర్ అప్పటికే భర్తతో మధురలో నివసిస్తున్నారు. ఆమె ఆహ్వానంపై అక్కడికి వెళ్లిన మెకంజీకి స్థానిక పండితులతో పరిచయం ఏర్పడింది. దక్షిణ దేశ చరిత్రను, విద్యలను తెలుసుకోవాలన్న సంకల్పం ఆ సాంగత్యంలోనే బలపడింది. అయితే దానిని నెరవేర్చుకోవడానికి ఆయన పదమూడేళ్లకు పైగా నిరీక్షించవలసి వచ్చింది.

1786లో ఆయన పదాతి దళం నుంచి ఇంజనీర్ల విభాగానికి మారారు. 1788లో గుంటూరు సర్కారు నిజాం నుంచి కంపెనీ వశమైంది. కొత్తగా చేతికి వచ్చిన సీమలో దారులు ఎక్కడెక్కడ ఉన్నాయో, నదులను ఎక్కడ దాటవచ్చునో, కొండల్లో కనుమలు ఎటు తెరుచుకున్నాయో తెలియనిదే కంపెనీకి పాలన సాగదు, సైన్యం కదలదు. నెల్లూరు, ఒంగోలు, గుంటూరు ప్రాంతాలలో ఆ కొలతల పని మెకంజీ పాలబడింది. ఆయనకు తెలుగు నేలతో బంధం అలా మొదలైంది. 1790 నుంచి 1792 వరకు టిప్పు సుల్తానుతో సాగిన మూడో మైసూరు యుద్ధంలో ఆయన ఇంజనీరుగా పాల్గొన్నారు.

నిజాం రాజ్యానికి పటం

1792లో శ్రీరంగపట్నం సంధి కుదిరింది. టిప్పు వదులుకున్న భూభాగంలో కొంత నిజాంకు దక్కింది. పాత రాజ్యానికి కొత్త సీమలు కలియడంతో సరిహద్దులు తెలియజేసే పటం అవసరమైంది. హైదరాబాదులో ఉన్న కంపెనీ సైన్యానికి ఇంజనీరుగా, సర్వేయరుగా మెకంజీ నియమితులయ్యారు. నాడు ఓరుగల్లు సహా తెలంగాణమంతా నిజాం అలీఖాన్ ఏలుబడిలో ఉంది.

అప్పటికి దక్కను లోతట్టు ప్రాంతాలకు నమ్మదగిన పటం లేదు. బెంగాలులో సర్వేయర్ జనరల్‌గా పనిచేసిన జేమ్స్ రెన్నెల్ ప్రచురించిన హిందూస్థాన పటంలో ఈ సీమను సైన్యాలు నడిచిన దారుల వివరాలతో, ప్రయాణికులు చెప్పిన ఆనవాళ్లతో పూరించవలసి వచ్చింది. ఊరికి, ఊరికి మధ్య ఎడాన్ని జనం ఆమడల్లో, కోసుల్లో చెప్పేవారు. ఒక సీమలోని కోసు మరో సీమలోని కోసుతో సరిపోలేది కాదు. అందుచేత సర్వేయర్లు దారి పొడవునా కొలత చక్రాన్ని దొర్లిస్తూ, అది ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కించి దూరం కట్టేవారు. దిక్సూచితో దిశను, సూర్య నక్షత్రాల ఎత్తును బట్టి అక్షాంశాన్ని నిర్ణయించేవారు. కొండ శిఖరాల నుంచి కోణాలు తీసి ఈ కొలతలన్నింటినీ సరిచూసుకునేవారు.

నిజాం రాజ్యంలో ఈ పని నల్లేరుపై నడక కాలేదు. అది కంపెనీ పాలిత ప్రాంతం కాదు. యుద్ధాలతో, అధికారుల మార్పులతో దేశం నిరంతరం కల్లోలంగా ఉండేది. మెకంజీకి తగినంత మంది సహాయకులు లేరు. నడుమ నడుమ యుద్ధ విధులు అడ్డుతగిలేవి. 1793లో పుదుచ్చేరి ముట్టడికి, 1795లో సింహళ దండయాత్రకు ఆయన వెళ్లవలసి వచ్చింది. ఆ అవాంతరాల మధ్యనే 1794లో శ్రీశైల క్షేత్రాన్ని దర్శించి, ఆలయ ప్రాకారంపై చెక్కిన శిల్పాలను వర్ణిస్తూ వ్యాసం రాశారు. అది 1798లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ సంపుటంలో వెలువడింది. నిజాం రాజ్య పటాన్ని 1796 నాటికి ఒక రూపానికి తెచ్చి, తరువాతి సంవత్సరాలలో సవరిస్తూ వచ్చారు.

ఈ పటాల వెనుక కంపెనీ ఉద్దేశం స్పష్టమే. ఫిరంగులు ఏ దారిన పోగలవో, ఏ చెరువు కింద ఎంత సైన్యం విడిది చేయగలదో, ఏ కోటకు ఎటు నుంచి ముట్టడి వేయవచ్చునో తెలిపేవి అవే. 1798లో నిజాం సైన్య సహకార సంధికి తలవంచారు. 1799లో టిప్పు నేలకొరిగారు. మెకంజీ గీసిన గీతలు ఈ జయాపజయాలకు దూరమైనవి కావు.

బొర్రయ్య తెరిచిన ద్వారం

పటం గీయగలిగిన మెకంజీకి ఆ పటంలోని ఊళ్ల భాష రాదు. ఇన్నేళ్లు ఈ దేశంలో ఉన్నా ఏ దేశభాషలోనూ ఆయనకు ప్రావీణ్యం అలవడలేదు. శాసనం కంటపడితే అది ఎవరు వేయించినదో, గుడి కనబడితే దానికి మాన్యం ఎవరిచ్చారో చెప్పే తోడు కావలసి వచ్చింది. ఆ తోడు 1796 ప్రాంతంలో కావలి వెంకట బొర్రయ్య రూపంలో లభించింది.

ఏలూరుకు చెందిన నియోగి కుటుంబంలో 1776లో జన్మించిన బొర్రయ్య తెలుగు, సంస్కృతం, హిందుస్థానీ, పారశీకం, ఆంగ్లం నేర్చిన యువకుడు. ఆయన పరిచయంతోనే భారతీయ విజ్ఞాన ద్వారం తనకు తెరుచుకున్నదని మెకంజీ తరువాతి కాలంలో తన లేఖలో స్వయంగా అంగీకరించారు. పాత లిపులను పోల్చుకుని చదవడం, అగ్రహారీకులను, మఠాధిపతులను, కరణాలను ఒప్పించి వారి వద్ద ఉన్న పత్రాలకు నకళ్లు రాయించడం బొర్రయ్య పద్ధతి. దొర నేరుగా అడిగితే బయటికి రాని తాటాకు, తమవంటి పండితుడు అడిగితే వచ్చేది. కొత్త పన్ను వేయడానికే ఈ ఆరా అని జడిసే గ్రామస్థుల అనుమానాన్ని తీర్చే నేర్పు కూడా ఆయనకు ఉండేది.

1799లో టిప్పు పతనానంతరం మైసూరు రాజ్య సర్వే బాధ్యతను కంపెనీ మెకంజీకి అప్పగించింది. దాదాపు 40 వేల చదరపు మైళ్ల ఆ సీమను కొలవడానికి దశాబ్దకాలం పట్టింది. మద్రాసు సర్వే పాఠశాలలో తర్ఫీదు పొందిన కుర్రవాళ్లు ఆయనకు సహాయకులు. అడవి జ్వరాలు వారిని పట్టి పీడించాయి. ఖర్చు ఎక్కువైందని పైఅధికారులు నిధులు కుదించిన సందర్భాలూ ఉన్నాయి. అయినా మెకంజీ కొలతలతో సరిపెట్టుకోలేదు. పంటలు, నీటి వనరులు, వృత్తులు, కులాలు, ఆచారాలు, రాజవంశాల వృత్తాంతాలను సైతం సర్వేలో భాగం చేశారు.

ఆ కృషి మధ్యలో ఉండగానే, 1803లో బొర్రయ్య మరణించారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లయినా నిండలేదు. జైనులను గురించి ఆయన సేకరించిన విశేషాలు మరణానంతరం ఏషియాటిక్ సొసైటీ సంపుటంలో అచ్చయ్యాయి. అన్న మరణంతో తమ్ముడు కావలి వెంకట లక్ష్మయ్య ఆ బాధ్యతను భుజాన వేసుకున్నారు. మరో సోదరుడు వెంకట రామస్వామి కూడా ఈ బృందంలో పనిచేసి, 1829లో దక్కను కవుల జీవితాలను ఆంగ్లంలో గ్రంథంగా వెలువరించారు. అన్న బొర్రయ్యకు కూడా ఆ కవుల వరుసలో చోటు కల్పించారు.

కైఫియతుల్లో ఓరుగల్లు

లక్ష్మయ్య పర్యవేక్షణలో నారాయణరావు, ఆనందరావు వంటి అనేకమంది సేకర్తలు పల్లెపల్లెకూ వెళ్లారు. వారు తెచ్చిన గ్రామ వృత్తాంతాలే కైఫియతులు. ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది, గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, కరణీకం ఏ వంశానిది, ఏ రాజు తరువాత ఏ రాజు ఏలాడు, తురకల కాలంలో ఏమైంది, జమీందార్ల నాడు శిస్తు ఎంత ఉండేది అనే వివరాలు వాటిలో వరుసగా కనిపిస్తాయి. ఊళ్లలోని దండకవిలెలు, శాసనాలు, పెద్దల నోటిమాటలు వీటికి ఆధారం.

గుంటూరు సీమ కైఫియతులు అనేకం ఓరుగల్లు రాజులను స్మరిస్తాయి. గణపతిదేవ మహారాజు కాలంలో ఆయన మంత్రి గోపరాజు రామన్న నియోగులకు గ్రామ కరణీకపు మిరాశీలు ఇచ్చినాడన్న కథ ఊరూరా వినిపిస్తుంది. అయితే ఆ కథకు కవిలెలు చెప్పే శక సంవత్సరం 12వ శతాబ్ది నడిమి కాలానిది. గణపతిదేవుడు సింహాసనం ఎక్కినది 1199లో. నడుమ అర్ధ శతాబ్దపు తేడా ఉంది. కైఫియతును ఉన్నదున్నట్టు చరిత్రగా స్వీకరించరాదని, శాసనంతో సరిపోల్చి చూడాలని చరిత్రకారులు హెచ్చరించడానికి ఇటువంటి తేడాలే కారణం. మరోవైపు, 1323లో ఓరుగల్లు పతనమై దాదాపు ఐదు వందల ఏళ్లు గడిచినా దూరపు పల్లెల కరణాలు తమ హక్కుకు మూలపురుషునిగా కాకతీయ ప్రభువునే చెప్పుకున్నారన్నది వాటి వల్ల తెలిసే గొప్ప విశేషం.

విచారకరమైన సంగతి మరొకటి ఉంది. కైఫియతుల్లో అత్యధిక భాగం దత్త మండలాలకు, కోస్తా జిల్లాలకు చెందినవే. కంపెనీ పాలనలో ఉన్నచోట సేకర్త చేతిలో కలెక్టరు ఉత్తరం ఉండేది. ఆ ఉత్తరం చూసి అమీను, కరణం కవిలె విప్పేవారు. నిజాం రాజ్యంలో ఆ ఉత్తరానికి చెల్లుబాటు లేదు. ఫలితంగా కాకతీయుల కథ కృష్ణకు దక్షిణాన ఊరూరా నమోదైనంత విస్తారంగా వారి సొంత గడ్డ మీద నమోదు కాలేదు. నిజాం రాజ్యానికి సరిహద్దు గీసిన మెకంజీ సేకరణను సైతం ఆ సరిహద్దే చాలావరకు ఆపివేసింది.

అమరావతి నుంచి జావా దాకా

1790వ దశకం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్టణం కట్టిస్తుండగా దీపాలదిన్నె అనే మట్టిదిబ్బలో చెక్కడపు పలకలు బయటపడ్డాయి. వార్త తెలిసి మెకంజీ వెళ్లి చూశారు. అది బౌద్ధ స్తూపమన్న సంగతి ఆనాడు ఎవరికీ తెలియదు. 1816లో తిరిగి వచ్చేసరికి పలకలెన్నో కట్టడాలకు తరలిపోయాయి. మిగిలిన వాటినైనా దక్కించుకోవాలని చిత్రకారులను నియమించి శిల్పాలకు చిత్రాలు గీయించారు, దిబ్బకు పటం తీయించారు. ఆ తరువాత ధ్వంసమైన అనేక శిల్పాల రూపురేఖలు నేడు ఆ చిత్రాల ద్వారానే తెలుస్తున్నాయి.

ఇంతలో 1809లో దత్త మండలాల సర్వే ఆరంభమైంది. 1810లో మెకంజీ మద్రాసు సర్వేయర్ జనరల్ అయ్యారు. 1811లో జావాపై కంపెనీ దండయాత్రకు వెళ్లి, రెండేళ్లు అక్కడ ఉండి ప్రంబనాన్ ఆలయ శిథిలాలను పరిశీలించారు. 1812లో అక్కడే పెట్రోనెల్లా బార్టెల్స్‌ను వివాహమాడారు. 1815లో మద్రాసు, బొంబాయి, బెంగాలు సర్వేయర్ జనరల్ పదవులను రద్దుచేసి, దేశమంతటికీ ఒకే సర్వేయర్ జనరల్‌ను నియమించినప్పుడు ఆ పదవి మెకంజీని వరించింది. 1816లో థామస్ హికీ చిత్రించిన తైలవర్ణ చిత్రంలో ఎర్ర కోటు ధరించిన మెకంజీ పక్కన ముగ్గురు భారతీయులు నిలబడి ఉంటారు. ఒకరి చేతిలో దుర్భిణి ఉంటుంది. పాలకుడు తన పనివారిని తనతో సమానంగా చిత్రంలో నిలపడం ఆ కాలంలో అరుదు.

ఆ రోజుల్లోనే విలియం లాంబ్టన్ మద్రాసు వద్ద 1802లో ఆరంభించిన త్రికోణమితి సర్వే ఉత్తరానికి సాగుతూ హైదరాబాదుకు చేరింది. లాంబ్టన్ సహాయకుడు జార్జి ఎవరెస్టు 1819 వానాకాలంలో కృష్ణా, గోదావరుల నడుమ దట్టమైన అడవుల్లో కొలతలకు దిగారు. జ్వరం ఆయనను, పరివారంలో అత్యధికులను పడగొట్టింది. కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆరోగ్యం కోసం ఎవరెస్టు 1820లో ఆఫ్రికా దక్షిణ కొసకు వెళ్లవలసి వచ్చింది. అనంతర కాలంలో ప్రపంచంలోనే ఎత్తయిన శిఖరానికి ఆయన పేరు పెట్టారు. గొలుసు మోసి, చెట్లు కొట్టి, అడవి జ్వరానికి బలైన కూలీల పేర్లు ఏ పటంలోనూ లేవు.

లక్ష్మయ్యకు దక్కని పీఠం

1817లో మెకంజీ కలకత్తాకు మకాం మార్చారు. లక్ష్మయ్య తదితరులు వెంట వెళ్లారు. సేకరణనంతా క్రమబద్ధం చేసి వివరణాత్మక పట్టిక సిద్ధం చేయాలని మెకంజీ ఆశించారు. ఆరోగ్యం సహకరించలేదు. 1821 మే 8న హుగ్లీ నదిపై పడవలో ప్రయాణిస్తుండగా కన్నుమూశారు. కలకత్తా పార్క్ స్ట్రీట్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది.

ఆయన వదిలివెళ్లిన సంపద అపారం. 1,568 సాహిత్య గ్రంథాలు, 2,070 స్థానిక వృత్తాంతాలు, 8,076 శాసన నకళ్లు, 2,630 చిత్రాలు, 6,218 నాణేలు అందులో ఉన్నాయి. అత్యధిక భాగం ఆయన సొంత సొమ్ముతో సేకరించినవే. ప్రభుత్వం ఆయన భార్యకు పది వేల పౌండ్లు చెల్లించి వాటిని స్వాధీనం చేసుకుంది. హొరేస్ హేమన్ విల్సన్ 1828లో పట్టికను ప్రచురించారు. సేకరణ మాత్రం మూడు ముక్కలై లండనుకు, కలకత్తాకు, మద్రాసుకు పంపిణీ అయింది.

మెకంజీ ఆపిన చోట నుంచి పని కొనసాగించే అవకాశమివ్వాలని 1830వ దశకంలో లక్ష్మయ్య కోరారు. ఏళ్ల తరబడి సేకర్తలను నడిపించి, ప్రతి కాగితం పూర్వోత్తరాలు తెలిసిన వ్యక్తి ఆయన. ఏషియాటిక్ సొసైటీ ఆ విజ్ఞప్తిని తోసిపుచ్చింది. ఇటువంటి విమర్శనాత్మక కృషికి భారతీయుడెవరూ తగడన్నది సొసైటీ పెద్దల అభిప్రాయం. ఆ పని చివరకు విలియం టేలర్ అనే మతబోధకుని చేతికి వెళ్లింది. లక్ష్మయ్య కోరినది కొత్త గౌరవం కాదు, తాను అప్పటికే చేస్తున్న పనిలో కొనసాగింపు మాత్రమే. అదీ దక్కలేదు.

పురుగు పడుతున్న కైఫియతులకు సి.పి.బ్రౌన్ నకళ్లు రాయించి మరోసారి ప్రాణం పోశారు. మూలప్రతులు, నకళ్లు చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరాయి. కడప జిల్లా కైఫియతులను కడపలోని బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా వెలువరించింది.

ఈ గడ్డపై మిగిలిన లోటును ఈ గడ్డ బిడ్డలే పూరించుకోవలసి వచ్చింది. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలసింది. కొమర్రాజు లక్ష్మణరావు స్మృత్యర్థం ఏర్పడిన పరిశోధక మండలి ఊరూరా శాసనాలు వెదకి 1935లో తెలంగాణా శాసనములు ప్రకటించింది. వరంగల్ జిల్లా శాసనాల సంపుటం 1974లో వెలువడింది. కావలి సోదరులు ఏ విద్యకు దారి వేశారో, ఆ విద్యకు తామూ తగుదుమని తెలుగువారు శతాబ్దం తిరిగేసరికి ఇలా నిరూపించారు.

నేడు పొలం సరిహద్దు తగాదా వస్తే సర్వే రాయి వెదుకుతారు. ఊరి పుట్టుక ప్రశ్న వస్తే గుడి ముందరి శాసనం వైపు చూస్తారు. మెకంజీ ఈ రెండింటినీ ఒకే పనిగా భావించారు. ఆయన పేరు తలచినప్పుడు ఆయనకు ఊరి మాట వినిపించిన బొర్రయ్యను, లక్ష్మయ్యను కూడా తలచుకోవడం న్యాయం.